భద్రం అని రాసిన కవరు

మొన్న ఆదివారం పేట్ బషీరాబాద్‌లోని మా ఇంటికి, నేను ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పిన మేడ్చల్ బడి కరస్పాండెంట్ సారుగారి కోడలు వచ్చింది. సారు పోయి ఏడాది కావస్తోంది. శామీర్‌పేటలోని ఆయన ఇల్లు అమ్మేస్తూ ఇనుప బీరువా ఖాళీ చేస్తుంటే, రిజిస్ట్రేషన్ కాగితాల అడుగున నాకు చెందిన ఒక కవరు దొరికిందట. "మామయ్య ఎంత భద్రంగ దాసిండో సూడుండ్రి మేడం" అంటూ మురిపెంగా నా చేతిలో పెట్టింది. కవరు మీద సారు గుండ్రటి అక్షరాలు: గౌడవెల్లి టీచర్, ఒరిజినల్స్, భద్రం. లోపల నా డిగ్రీ పట్టా ఉంది. చెదలు తినేశాయని ఆయన నాతో చెప్పిన పట్టా, ఒక్క ముడత కూడా పడకుండా ఉంది.

ఆమెకు టీ ఇచ్చి పంపించి తలుపు వేసుకున్నాను.

నా ఈడు ప్రైవేటు బడి టీచర్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో ఉద్యోగంలో చేరాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు మేనేజ్‌మెంట్ చేతిలో పెట్టాలి, పెడితేనే హాజరు పట్టీలో మన పేరు ఎక్కుతుంది. సంవత్సరం మధ్యలో మానేసి పోకుండా అదొక ముకుతాడు, మనం మాత్రం దాన్ని గౌరవమనుకునే వాళ్లం. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషిని నేనే కాబట్టి, మా నాయిన ఆ పట్టాను ఉతికిన తువ్వాలలో చుట్టి, మా ఊరు గౌడవెల్లి నుంచి తానే మోసుకొచ్చి, సారుకు అప్పగించి దండం పెట్టాడు. "నా కాడుంటే బ్యాంకుల ఉన్నట్టే, ఫికర్ జెయ్యకు" అన్నాడు సారు. ఆ రోజు నుంచి నన్ను బిడ్డా అనే పిలిచేవాడు.

చేరిన మూడు నాలుగేళ్లకు, మాల్దీవుల బడుల్లో ఇంగ్లీషు టీచర్లు కావాలని పేపర్లో పడింది. మా ఊళ్లో పరదేశమంటే దుబాయి ఒక్కటే, అక్కడికి పోయేది మగవాళ్లే, అదీ కూలిపనికే. ఒక ఆడపిల్ల పాఠం చెప్పడానికి సముద్రం దాటడమన్నది ఎవరూ కనీవినీ ఎరగరు. భయపడుతూనే ఇంటర్వ్యూకు వెళ్లాను, ఎంపికయ్యాను. వాళ్లు అడిగింది ఒక్కటే, డిగ్రీ ఒరిజినల్ కావాలి, దాని వెనక సర్కారు ముద్రలు పడాలి, అంతా నెలలోపు అయిపోవాలి. జిరాక్సు పనికిరాదు, లామినేషన్ చేయించినది అసలే పనికిరాదు, ప్లాస్టిక్ మీద ముద్ర పడదు కదా. "మాల్దీవులంటే దుబాయిల ఏ మూలకుంటది బిడ్డా?" అని అడిగిన మా నాయిన, జవాబు పూర్తిగా వినకుండానే మేడ్చల్‌కు పోయి సూట్‌కేసు కొనుక్కొచ్చి, వచ్చేపోయే వాళ్లందరికీ కనబడేలా అరుగు మీద పెట్టాడు.

నా పట్టా ఇప్పించమని సారుకు అర్జీ రాసిచ్చాను. వారం రోజులు రేపు రేపు అంటూ తిప్పాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆఫీసు గదిలోకి పిలిచి, మట్టి పట్టిపోయిన ఫైళ్ల కట్ట ఒకటి చూపించి, "చెదలు దిన్నయి బిడ్డా. నీ కాయితం గూడ గిండ్లనే ఉండె. నేనేం జేతు?" అని దస్తీతో కళ్లొత్తుకున్నాడు. నాకు ఏడుపు కంటే ముందు ఆయన మీద జాలి కలిగింది. కుండలోంచి మంచినీళ్లు ముంచి తెచ్చిచ్చి, మీరు మాత్రం ఏం చేస్తారు సార్ అని ఓదార్చింది నేనే. ఇవాళ తలుచుకుంటే పోయిన ఉద్యోగం కంటే ఆ గ్లాసెడు నీళ్లే నన్ను ఎక్కువగా మండిస్తున్నాయి.

పోలీసు స్టేషను, పేపర్లో ప్రకటన, అఫిడవిట్, యూనివర్సిటీలో ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి తిరుగుడు, అన్నీ అయి డూప్లికేట్ చేతికి వచ్చేసరికి ఆ కొలువు ఇంకెవరికో వెళ్లిపోయింది. సూట్‌కేసులో మా అవ్వ బొంతలు సర్దింది. మా నాయిన బతికున్నంత కాలం చెదలనే తిట్టాడు.

ఇప్పుడు కవరు తీసి చూస్తే, పట్టాకు నా అర్జీ గుండుసూదితో గుచ్చి ఉంది. అంటే నేను అడిగిన తర్వాతే సారు ఆ బీరువా తీశాడు, నా పట్టా చూశాడు, దానికి నా అర్జీ గుచ్చి మళ్లీ తాళం వేశాడు. ఎక్కడో పెట్టి మరిచిపోయి ఉంటాడులే అని సర్దిచెప్పుకోవడానికి కూడా నాకు సందు మిగల్చలేదు. కంచే చేను మేసిందని ఎన్ని వ్యాసాల్లో పిల్లల చేత రాయించానో లెక్కలేదు, నా చేను సంగతి నాకు తెలియలేదు. ఎందుకు చేశాడో ఊహించగలను. ఆ ఏడు పదో తరగతికి ఇంగ్లీషు చెప్పే మనిషి ఇంకొకరు లేరు. పోవద్దు బిడ్డా, పిల్లల పరీక్షలున్నాయి అని నోరు తెరిచి అడిగి ఉంటే ఆగిపోయేదాన్నేమో కూడా. అడిగే పాటి విలువ కూడా ఆయన నాకు ఇవ్వలేదు. ఆ తర్వాత ఏటా వార్షికోత్సవంలో శాలువా కప్పి, మా బిడ్డ ఎక్కడికీ పోదు అని మైకులో చెబుతుంటే, తలవంచుకుని సిగ్గుపడుతూ మురిసిపోయాను.

మా పక్క ఫ్లాట్‌లో గోదావరి జిల్లా వాళ్లు ఉంటారు. వాళ్లమ్మాయి వియత్నాం వెళ్లి ఇంగ్లీషు చెబుతుందట. "ఏ డిగ్రీ అయినా చాలంటండీ ఆంటీ, నా బీటెక్ కూడా పనికొస్తదంట, పైన చిన్న ఆన్‌లైన్ కోర్సు చేస్తే సరిపోద్ది" అంది నిన్న, అదేదో కూరగాయలకు పోయి రావడమన్నంత తేలిగ్గా. తన ఒరిజినల్స్ జిప్పు సంచీలో పెట్టుకుని కన్నతల్లిని కూడా ముట్టుకోనివ్వదు. మా కాలంలో అలా చేస్తే పొగరనేవాళ్లు. ఆ పొగరు కొంచెం నాకు ఉండి ఉంటే బాగుండేదని ఆ పిల్లను చూస్తుంటే అనిపించింది.

బల్ల మీద ఉన్న నా పట్టా చూసి, పాతబడిపోతోంది, లామినేషన్ చేయించుకొస్తానంది. అరవై దాటిన నన్ను ఇక ఏ దేశమూ పిలవదని నాకు తెలుసు. అయినా వద్దన్నాను. లామినేషన్ చేయిస్తే వెనక ముద్ర పడదు.