ఉస్తాద్ పెట్టిన తిట్ల పరీక్ష

మా డ్రైవింగ్ ఉస్తాద్ పోయాడని మొన్న పొద్దున కొండాపూర్ నుంచి ఫోన్ వచ్చింది. సిగ్నల్ దగ్గర ఉన్నాను. పచ్చలైటు పడింది కూడా చూసుకోలేదు. వెనకాయన హారన్ కొట్టి నాలుగు మాటలన్నాడు. నాకు కోపం రాలేదు. ఆ పుణ్యం ఉస్తాద్‌దే.

తొంభైల చివరి సంగతి. హైటెక్ సిటీలో అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. ఆఫీసువాళ్లను తిప్పే టాక్సీలకు డ్రైవర్లు కావాలన్నారు, కానీ బ్యాడ్జీ ఉండాలి. దానికి బండి నడపడం వస్తే చాలదు, పోలీసులు విచారించి మనిషి మంచివాడని రాయాలి. బండి నాకు వారంలో వచ్చేసింది. మంచితనం దగ్గరే తంటా వచ్చింది. నా ముక్కు మీది కోపం బస్తీ అంతటికీ తెలుసు. అప్పటికే నోటిదురుసుతో రెండు కొలువులు పోగొట్టుకున్నాను. ఇదీ పోతే పిల్లను తీసుకుని పుట్టింటికి పోతానని మా ఆవిడ తేల్చి చెప్పింది.

"స్టీరింగ్ చేతిల ఉంటె సాలదు బిడ్డా, నాలుక గూడ చేతిల ఉండాలె" అనేవాడు ఉస్తాద్.

అందుకు ఆయన కనిపెట్టిన చదువు చెబితే మీరు నమ్మరు. పాత అంబాసిడర్ వెనక సీట్లో ప్యాసింజర్ వేషం కట్టి తిట్టేవాడు. ఒకరోజు నెత్తిన తువ్వాల కప్పుకుని, రైలు తప్పిపోతున్న ముసలమ్మ. ఇంకోరోజు కళ్లద్దాలు పెట్టుకుని పెద్ద ఆఫీసరు. "ఏందయ్యా, బండి నడుపుతున్నవా, బర్రెను తోలుతున్నవా?" ఎదురు మాట్లాడితే ఆ రోజుకు పాఠం బంద్, దిగి బండి కడగాలి. మొదటి నెలంతా ఆ అంబాసిడర్ తళతళలాడింది.

తన తిట్లు నాకు అలవాటయ్యాయని తెలిశాక, తెలిసినవాళ్లను పంపడం మొదలుపెట్టాడు. చాయ్ హోటలాయన వచ్చి తిట్టాడు. కిరాణా సేటు వచ్చి తిట్టాడు. ఊరికే తిట్టే అవకాశం ఎవరు వదులుకుంటారు?

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఖాకీ బట్టల్లో ఒకాయన మా ఇంటికొచ్చాడు. "కొట్లాటలు గిట్ల పెట్టుకుంటవంట గదా?" అని గద్దించాడు. ఉస్తాద్ ఈసారి బట్టలు కూడా కిరాయికి తెచ్చాడనుకున్నాను. పకపకా నవ్వి, భుజం తట్టి, "మస్తు చేస్తున్నవన్నా, గని మీసం జర సక్కగ అంటించుకోవాల్సుండె" అని పట్టి లాగాను. మీసం రాలేదు. కానిస్టేబుల్ కళ్లలో నీళ్లొచ్చాయి.

బ్యాడ్జీ మీద ఆశ అక్కడితో వదులుకున్నాను. సంగతి విని ఉస్తాద్ తల పట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నన్ను ఠాణాకు తీసుకుపోయి, ఎస్సై ముందు చేతులు కట్టుకుని తన తిట్ల చదువంతా విప్పి చెప్పాడు.

"తప్పు నాది సార్. ఇదివరకైతె వీడు ఊకె అడిగినా కొట్లాటకు దిగేటోడు. ఇప్పుడు పోలీసాయన గద్దించినా నవ్విండు. ఇంతకంటె ఏం కావాలె సార్? వీనికి నేను జామీను."

ఎస్సై నవ్వాపుకోలేకపోయాడు. ఇంకెవరి మీసమూ ముట్టనని నాతో ఒట్టు వేయించుకుని, కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ సంతకంతోనే ఇన్నేళ్లు నా ఇల్లు నిలబడింది. ఉస్తాద్ రుణం నేను తీర్చుకోలేదు, తీరేది కూడా కాదు.

తిరిగి వచ్చేటప్పుడు నేనే నడిపాను. ఉస్తాద్ వెనక కూర్చున్నాడు. ఇక తిట్లు మొదలవుతాయని శేరిలింగంపల్లి దాకా ఎదురుచూశాను. ఒక్క తిట్టూ పడలేదు. అద్దంలో చూస్తే, చెప్పులు విడిచి, కాళ్లు సీటు మీద పెట్టుకుని, నోరు తెరిచి గుర్రు పెడుతున్నాడు. నేర్చుకునేవాడి బండిలో ఆయన కునుకు తీయడం అంతకుముందు ఎవరూ చూడలేదు. ఇల్లు వచ్చింది. లేపడానికి నాకు మనసొప్పలేదు. ఇంజన్ ఆపితే మెలకువ వస్తుందేమోనని, దాన్ని అలాగే నడవనిచ్చి కూర్చున్నాను.