వాగు వచ్చే వేళ

నీటిపారుదల శాఖలో పనిచేసినన్నాళ్లూ నా డైరీలో ఎడమ పేజీ వానకు, కుడి పేజీ వాగుకు. ఆ రెండింటినీ కలిపి లెక్కగట్టే పని ఇప్పుడు హైదరాబాద్‌లో నా బిడ్డ చేస్తోంది. కురిసిన వానలో ఎంత నీరు వాగులోకి దిగుతుందో ఒక కంప్యూటర్ మోడల్ చెబుతుంది. దిగిన నీరు ఏ మలుపు దగ్గరికి ఎప్పుడు వస్తుందో, ఎంత ఎత్తున పారుతుందో దాన్ని అందుకుని ఇంకో మోడల్ చెబుతుంది.

ఆ మధ్యాహ్నం కోరుట్లలో ఎండ మండుతోంది. బిడ్డ ఫోన్ చేసింది.

"బాపూ, మీద గుట్టలల్ల వాన బాగ కొట్టింది. పొద్దూకే యాళ్లకు మన వాగు వస్తది. కాకను దిగనియ్యకు."

కాక అంటే నా తమ్ముడు. వాడి పొలం మోటరు వాగులోనే ఉంటుంది. నేను బండి మీద చేరేసరికి ఒడ్డున బీడీ కాలుస్తున్నాడు. బిడ్డ మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఎండ గొడుతుంటె వరదేందే అన్నా!" అని నవ్వాడు. అంతలోనే లేచి పంచె ఎగగట్టాడు. "పొద్దూకినంకనే గద? చానా పొద్దున్నది. పైపులిప్పి మోటర్ గుంజుకొస్త."

వద్దంటున్నా దిగిపోయాడు. ఆపడానికి చెప్పిన వేళే వాడికి ధైర్యమైంది.

ఒడ్డు మీద నిలువలేకపోయాను. బిడ్డకు మళ్లీ ఫోన్ చేశాను.

"పొద్దూకే యాళ్లంటె ఖరారేనా?"

"జర ఇటటు అయితది."

"ఇటెంత?"

"గదే ఎర్కలేదు బాపూ. వాన లెక్కల తప్పుంటె, వాగు లెక్క గా తప్పునే మోసుకొస్తది. కాక ఏడున్నడు?"

వాగు వైపు తిరిగాను. మలుపు దగ్గర నీళ్ల మీద ఎండుటాకులు, వాటి వెనుక ఎర్రటి నురుగు కనిపించాయి.

"రారా! మోటర్ ఇడిశిపెట్టి రా!"

"ఒక్క బోల్టే అన్నా!"

ఆ బోల్టు ఊడలేదు. నీళ్లు నడుముకు తగిలాక గానీ పానా వదల్లేదు. తుంగ పట్టుకుని పాకుతూ వస్తుంటే చెయ్యి అందించి లాగాను. వెనక్కి చూసేసరికి మోటరు లేదు, పైపులు లేవు. పొద్దు ఇంకా చింతచెట్ల పైనే ఉంది.

ఫోన్ మోగింది. తమ్ముడే లాక్కున్నాడు.

"బిడ్డా, నీ కంప్యూటర్ల వాగు మా వాగు కంటె మెల్లగ నడుస్తదే!"

అటు నుంచి ఏడుపు వినిపించింది. వాడి నవ్వు ఆగిపోయింది.

ఇప్పటికీ బిడ్డ నాకు వేళ చెబుతుంది, ఇటూ అటూ ఎంతో కూడా చెబుతుంది. తమ్ముడికి మాత్రం వాగు వస్తుందనే చెబుతాను, వేళ చెప్పను. "ఏ యాళ్లకొస్తదే?" అని వాడు ఫోన్లో గునుస్తూనే ఉంటాడు.

"మోటర్ ఒడ్డుకు తెచ్చినవా లేదా?" అంటాను. తెచ్చానన్నా కుర్చీలో కూర్చోలేను. బండి తాళం వెతుక్కుంటాను.