రేడియో డాక్టరమ్మ నోరు మూతపడితే

ఆ ఆస్పత్రిలో స్కానింగ్ చేసే డాక్టరమ్మకు రేడియో డాక్టరమ్మ అని పేరు పెట్టింది పేషెంట్లే. ఆడవాళ్ల కడుపుల్లో క్యాన్సర్ ఎంతవరకు పాకిందో చూడడం పద్దెనిమిదేళ్లుగా ఆవిడ పని. చల్లటి జెల్లీ పూసిన దగ్గర్నుంచి తుడిచేదాకా ఆ నోటికి విశ్రాంతి ఉండదు. మొగుడి గురక, ఆడపడుచు కొన్న సోఫా, తను మాడ్చిన కూర, అన్నీ వచ్చేస్తాయి. మరి భయంతో బిగుసుకుపోయిన పొట్టలో ఏం కనబడుతుంది చెప్పండి? నవ్వితేనే కదా వదులయ్యేది!

ఆవిడకే తెలియని సంగతి ఒకటుంది. చెడ్డదేదైనా కనబడితే ఆ నోరు దానంతటదే మూతపడుతుంది. బయట బెంచీల మీద కూర్చునేవాళ్లందరికీ ఇది తెలుసు. లోపల్నుంచి ఎవరొచ్చినా "మాట్లాడిందా?" అనే అడుగుతారు. రిపోర్టు గురించి అడిగే నాథుడే లేడు.

ఆ రోజు ఒక టైలరమ్మ వచ్చింది. అండాశయంలో క్యాన్సర్. పక్కకు పాకకపోతే గురువారమే ఆపరేషన్, పాకితే మూడు నెలలు మందులు వాడి ఆ తర్వాత చూద్దాం అన్నాడు సర్జన్. ఆ "చూద్దాం" విన్నప్పట్నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు.

డాక్టరమ్మ గురక కథ ఎత్తుకుంది. కాలేయం చుట్టూ చూసింది, బాగుంది. పేగుల మీది కొవ్వు పొర చూసింది, అదీ బాగుంది. పొట్ట మీద జరిపే స్కానింగ్ ప్రోబ్ గర్భసంచి వెనక్కి వచ్చేసరికి కథ ఠక్కున ఆగిపోయింది.

అక్కడ పేగు గర్భసంచికి అతుక్కున్నట్టు కనబడింది. జబ్బు పాకితే రెండూ అతుక్కుపోతాయి. లేకపోతే మెల్లగా నొక్కగానే ఒకదాని మీద ఒకటి జారతాయి. నొక్కింది, కదల్లేదు. పక్కకు తిరిగి పడుకోమని సైగ చేసి మళ్లీ నొక్కింది. జారింది. నమ్మకం కుదరక ఇంకోసారి నొక్కింది. హాయిగా జారింది.

అప్పుడు తలెత్తి చూస్తే టైలరమ్మ కన్నీళ్లు చెంపల మీదుగా దిండులోకి కారిపోతున్నాయి.

"ఇంక చెప్పక్కర్లేదు డాక్టరమ్మా. మీరు మాట ఆపేశారు" అంది.

డాక్టరమ్మకు ముక్క అర్థం కాలేదు. టైలరమ్మ ఏడుస్తూనే బెంచీల సంగతంతా చెప్పింది. వింటుంటే ఆవిడకు తల కొట్టేసినట్టయింది. పద్దెనిమిదేళ్లుగా ఎంతమంది గుండెలు ఈ బల్ల మీదే గుభేలుమన్నాయో!

గబగబా స్క్రీన్ ఇటు తిప్పింది.

"చూడక్కా, ఇది గర్భసంచి, ఇది పేగు. నొక్కితే ఎలా జారుతోందో చూడు. నా కంటికైతే ఎక్కడా పాకినట్టు లేదు. గురువారానికి సిద్ధంగా ఉండమనే రాస్తున్నా."

కుట్టు లాగి చూస్తే గానీ బట్ట చేతికివ్వని మనిషి కదా, మరో మూడుసార్లు నొక్కించుకుని చూసింది. అప్పుడు సంతోషం, దాని వెనకాలే కోపం తన్నుకొచ్చాయి.

"ఆపాల్సొస్తే ఎందుకు ఆపుతున్నారో చెప్పి ఆపండి. ప్రాణం పోయింది నాకు."

"తప్పయిపోయిందక్కా" అంది డాక్టరమ్మ, మనస్ఫూర్తిగా.

తర్వాత లోపలికి వచ్చిన పెద్దావిడ బల్ల అంచులు గట్టిగా పట్టుకుని పడుకుంది. జెల్లీ పూయకముందే ఆవిడ కళ్లు డాక్టరమ్మ నోటి మీదే ఉన్నాయి.

"పిన్నీ, మధ్యలో మాట ఆపితే శ్రద్ధగా చూస్తున్నానని అర్థం. మంచైనా చెడైనా నా నోటితో నేనే చెప్తాను" అంది డాక్టరమ్మ.

పెద్దావిడ బల్ల అంచులు వదిలి, అయితే కానివ్వమంది.