హనుమండ్లన్న బైపాస్

మా అన్న హనుమండ్లు గ్రానైటు రాళ్లు మోసే ట్రైలర్ డ్రైవరు. కరీంనగర్ చుట్టుపక్కల క్వారీల్లో రాయి ఎక్కించుకుని దేశమంతా తిరిగాడు. చదివింది ఐదో తరగతి. అయినా నోరు తెరిస్తే ఇంగ్లీషే. అదీ అన్ని రకాల ఇంగ్లీషు కాదు, అడ్డం వచ్చినదాన్ని తప్పించుకు పోయే ఇంగ్లీషు మాత్రమే. నేనేమో హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. వింటుంటే ఒళ్లు మండేది.

మా అవ్వకూ అనసూర్య వదినకూ మాటా మాటా పెరిగితే అన్నం పళ్లెం పట్టుకుని వాకిట్లోకి పోయి కూర్చునేవాడు. "నేను న్యూట్రల్ల ఉన్న, నన్నడగకుండ్రి" అనేవాడు. ఇష్టం లేని చుట్టాలింట్లో పెళ్లంటే "డైవర్షన్ పడ్డదే" అనేవాడు. ఎవడైనా కయ్యానికి కాలు దువ్వితే "సైడిచ్చిన, పోనీ తియ్యి" అని నవ్వేవాడు. పుచ్చిన పన్ను పీకించుకోమని వదిన ఎంత పోరినా బండి రివర్స్ గేర్లోనే ఉండేది. చివరికి ఆ పన్నే విసిగిపోయి ఊడిపోయింది.

ఒకరోజు మా ఇంట్లో నేను పాఠం చదువుకుంటుంటే విన్నాడు.

"బీట్ అరౌండ్ ది బుష్ అంటే ఏందే చెల్లె?"

"పొద చుట్టూ కొట్టుడు అన్నా."

"ఎందుకు? పొదల పామున్నదా?"

"అసలు సంగతి చెప్పకుంట నసుగుడు. అట్లంటరు."

"పాగల్‌గాళ్లు. పొద పక్కపొంటి బండి ఆపకుంట పోతే అయిపాయె గదా!"

ఏం చెప్తాం ఇలాంటి మనిషికి? కోపమూ వస్తుంది, నవ్వూ వస్తుంది. నేను మటుకు నవ్వేదాన్ని.

పోయిన చలికాలంలో రొమ్ములో నొప్పని కూలబడితే దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ రిపోర్టులు చూసింది. "గుండెకు పోయే నరాలు మూడు మూసుకుపోయాయి. బైపాస్ చెయ్యాలి. వాయిదా వేస్తే ప్రాణానికే ముప్పు. మిగతాది రేపు కూర్చుని మాట్లాడదాం" అని రౌండ్లకు వెళ్లిపోయింది. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. అన్న ముఖం మాత్రం వెలిగిపోయింది.

"బైపాసేనా? గంతేనా! గుండె కోస్తరేమో అని నేను పరేషానైతున్న."

డ్రైవరు కదా. అంత బరువు బండితో ఊళ్లోకి పోతే తలమీద కరెంటు తీగలు, చక్రాల కింద మేకలు, సందు మలుపులో ఎవడిదో అరుగు. బైపాస్ కనబడితే దేవుడు కనబడినట్టే ఆయనకు.

"ఊరి జోలికే పోరే అనసూర్యా. బయట నుంచి బయటనే పోతరు. గుండెను ముట్టనే ముట్టరు. ఇగ ఏడ్వకు" అని భార్యను ఓదార్చాడు. ఆమె నా వైపు చూసింది.

"అవునా రాణీ?"

నా పేరు మమతారాణి. ఆ పూట ఆ పేరు కూడా గుర్తు లేదు నాకు. నిజం చెబితే ఈయన చేయించుకోడు. చేయించుకోకపోతే బతకడు. పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

"ఊఁ... అసొంటిదే వదినా" అన్నాను.

మర్నాడు డాక్టరమ్మ అన్నీ వివరంగానే చెప్పింది. వదినకూ నాకూ ఆమె గదిలో చెప్పింది. అన్న మంచం దగ్గరికి వచ్చాక మాత్రం ఇద్దరం ఆ కోత సంగతి దాచాం. ఆపరేషన్ తెల్లారి పొద్దున్నే అన్నారు.

అన్న పక్క మంచం మీద రాయమల్లు అనే బొగ్గు గని మనిషి ఉన్నాడు. నేను చాయ్ తేవడానికి కిందికి పోయినప్పుడు ఆయనే మాట కలిపాడట. "నాది గూడ బైపాసే తమ్మీ, చూడు" అని అంగీ గుండీలు విప్పి, గొంతు కింద నుంచి పొట్ట దాకా ఉన్న కుట్టు చూపించాడట. నేను పైకి వచ్చేసరికి మంచం ఖాళీ. ఫోన్ చేస్తే దిండు కింద మోగింది. వదిన మందుల దుకాణం దగ్గరుంది.

ఎక్కడికి పోతాడు? ఇంటికే. ఆటో ఎక్కి బస్టాండుకు ఉరికాను. మా ఊరు లక్సెట్టిపేటకు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు మహానుభావుడు. చేతికి సెలైన్ సూది అలాగే ఉంది.

"జర రివర్స్..." అని మొదలుపెట్టాడు.

"నోరు ముయ్యి!" అని అరిచాను. బస్సంతా వెనక్కి తిరిగింది. తిరగనీ.

పక్కన కూర్చున్నాను. బస్సు ఇంకా కదలలేదు.

"నాకు అబద్ధం చెప్పినవ్ చెల్లె."

"చెప్పలే. నువ్వన్నదానికి ఊఁ కొట్టిన."

"గదే అబద్ధం."

"అయితే ఇప్పుడు నిజం చెప్త, ఇను. రొమ్ము ఎముక కోస్తరు. గుండెను ముట్టుకుంటరు. కాలుల నుంచి నరం తీసి గుండెకు అతుకుతరు. మూసుకపోయిన తొవ్వ పక్కన కొత్త తొవ్వ ఏస్తరు. గదే బైపాస్."

"నొస్తదా?"

"మస్తు నొస్తది."

"చేయించుకోకుంటే?"

ఇన్నేళ్లుగా పిల్లలకు ఎన్ని నుడికారాలు నేర్పానో. చావు అనకుండా చావు గురించి చెప్పడానికి ఇంగ్లీషులో ఎన్నో మాటలున్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

"చచ్చిపోతవన్నా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"నాకు భయమైతుంది రాణీ."

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఆయన నోట వినలేదు నేను.

"నాకు గూడ అయితుందే అన్నా" అన్నాను.

కండక్టరమ్మ మా సీటు దగ్గరికి వచ్చింది. చిన్న పిల్ల, మా అన్నకు బిడ్డ వయసుంటుంది. "ఎక్కడికి బాపూ?" అంది.

మళ్లీ ఏ ఇంగ్లీషు ముక్కో వేస్తాడనుకున్నాను.

"ఊరికి పోతలేను బిడ్డా. రేపు నా గుండె కోస్తరు, దవాఖానకు పోవాలె. జర జరుగు, దిగుత" అని సీటు పట్టుకుని లేచాడు.