కలువాయికి పోవాల్సిన అల్లుడు కోర్టుకు పోతే

పెళ్లాం పుట్టింట్లో కూర్చుంటే బుద్ధున్న మగవాడు అత్తారింటికి పోతాడు. నేను కోర్టుకు పోయాను. పోయి ఊరుకున్నానా? పట్టపగలు, నిండు కోర్టులో, నా కేసుకు నేనే గొయ్యి తవ్వి, అందులోకి నేనే దిగి, పైన మన్ను కూడా నేనే సరిచేసుకున్నాను. ఎలాగో చెబుతాను. నవ్వదలచుకున్నవాళ్లు మొహమాటపడొద్దు. ఆ రోజు జడ్జిగారే మొహమాటపడలేదు.

ఢిల్లీలో పెళ్లిళ్లకు కొత్త చట్టం వచ్చిన రోజులవి. ఉదయగిరిలో నాకొక సోడాకొట్టు ఉండేది. పేరు పెంచలయ్య. చదువు ఐదో క్లాసు. ఆ పైన చదివితే బడి తట్టుకోలేదని మా అయ్యవారే దణ్ణం పెట్టి పంపించాడు. నోరు మాత్రం బియ్యే దాటింది. చిన్నప్పుడే అమ్మానాయన పోతే మా అవ్వ పెంచింది. ఆ వేసవిలోనే కలువాయి పిల్ల రమణమ్మతో పెళ్లయింది.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు ఆ నెల అత్తారింట్లో ఉండకూడదు గనక మా మామ వచ్చి కూతుర్ని తీసుకుపోయాడు. శ్రావణం వచ్చింది, రమణమ్మ రాలేదు. ఎందుకు రాలేదంటే, మా ఇళ్లల్లో పిల్లను తీసుకుపోయినవాళ్లే మళ్లీ తెచ్చి దిగబెట్టాలి. వాళ్ల ఇళ్లల్లో అల్లుడే వచ్చి, రెండు పూటలు తిని, పిలుచుకుపోవాలి. ఇది పెళ్లికి ముందే తేల్చుకోవాల్సిన సంగతి. మేమేమో విందులో లడ్డా బూరెలా అని వారం రోజులు వాదులాడుకుని, దీన్ని వదిలేశాం. అక్కడ మామ అరుగు మీద, ఇక్కడ నేను కొట్టులో, ఇద్దరం ఒకరి కోసం ఒకరం రోడ్డు చూస్తూ కూర్చున్నాం. భాద్రపదం కూడా వచ్చి పోయింది.

"పోయి పిల్చుకోని రారా," అంది అవ్వ.

"పిలవందే ఎట్లా పోతానే అవ్వా? నాకు మర్యాద లేదా?"

"ఉండాది లేరా. ఈ పొద్దు దాన్నే ఉడకేసుకోని తిను. వండేదానికి నాకు ఓపిక లేదు."

ఆ రోజుల్లోనే, కొట్టులో పేపరు చదువుతున్న ఒక పెద్దమనిషి, కాపురానికి రాని భార్యను రమ్మని కోర్టు ఆర్డరు వేస్తుందని చెప్పాడు. ఆహా అనుకున్నాను. నేను పిలవాల్సిన పని లేదు, ప్రభుత్వమే పిలుస్తుంది! మరుసటి రోజే ఆత్మకూరు బస్సెక్కి, కోర్టు ఆవరణలో రాఘవరావుగారనే ప్లీడరును పట్టుకున్నాను.

"నీ భార్య ఎందుకు రాలేదయ్యా?" అన్నాడాయన.

ఎవరూ పిలవలేదు గనక రాలేదంటే ప్లీడరు ముందు ఏం బాగుంటుంది? "మా మామ గదిలో పెట్టి తాళం వేసినాడయ్యా," అన్నాను.

ఆయన ముఖం పండగ రోజు పెట్రోమాక్సు లైటులా వెలిగింది. వెంటనే దావా పడింది.

తర్వాత వాయిదాలు. ప్రతి వాయిదాకూ పొద్దున్నే బస్సెక్కడం, కోర్టు బయట వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చోవడం, గుమాస్తా వచ్చి ఇంకో తారీఖు చెబితే తొక్కలు దులుపుకుని లేవడం. లోపలికి తొంగి చూసిన పాపాన పోలేదు. మాఘమాసానికి నా సాక్ష్యం వంతు వచ్చింది. ఆ పొద్దున ఇంటికి రమ్మని, ఏం చెప్పాలో నేర్పిస్తానని రాఘవరావుగారు కబురు పంపాడు.

పోయాను. వరండాకు అటొక గది, ఇటొక గది, రెండింట్లోనూ గోడల నిండా లా పుస్తకాలు. నా ప్లీడరు పుస్తకాలకు ఒక గది చాలలేదు కాబోలు, కేసు గెలిచినట్టే అనుకున్నాను. ఇంతలో ఒకావిడ బయటికొచ్చింది.

"కూర్చో అబ్బాయ్. ఆయన స్నానానికి పోయినారు. ఏ ఊరు?"

"ఉదయగిరమ్మా. పెళ్లాం కేసు."

"పెంచలయ్యవా?" ఆవిడ చేత్తో వారించింది. "అయితే నాతో కేసు సంగతి మాట్లాడొద్దు. నేను అవతలి పక్షం ప్లీడరును. రమణమ్మ తరఫున వాదించేది నేనే."

నేను నవ్విన నవ్వుకు దండెం మీది కాకి లేచిపోయింది.

"బాగుండాదమ్మా! మీరు ప్లీడరైతే నేను కలెక్టరును!"

"వేళాకోళం కాదయ్యా. మద్రాసులో లా చదివినాను. నల్ల కోటు లోపల ఉండాది, తెచ్చి చూపించేదా?"

"అయ్యగారి కోటేగదమ్మా! మా అవ్వ గూడా ఇంతే. పొద్దున లేస్తే నా మీద తీర్పులు చెప్తానే ఉంటాది, కోటొకటే తక్కువ."

చెప్పి లాభం లేదనుకుందో ఏమో, అంత దూరం నుంచి వచ్చాడు పాపం అని ఒక లోటా మజ్జిగ తెచ్చిపెట్టి లోపలికి పోబోయింది. అల్లం, కరివేపాకు, నిమ్మకాయ పిండిన మజ్జిగ! నెలల తరబడి మా అవ్వ కోపంతో వండిన కూడు తిన్న నాలుకకు అది తగిలేసరికి, లోపలున్న నిజాలన్నీ ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చాయి.

"తాళమా పాడా అమ్మా! వాళ్లింటి తలుపుకు గడియే లేదు. కుక్క గూడా మూతితో తోసుకోని పోతాది!"

"అయ్యో, చెప్పొద్దన్నానా?"

"పాపం రమణమ్మది ఏం తప్పు లేదమ్మా. గాజులమ్మేటోడితో కబురంపింది, ఎప్పుడొస్తావని. నేనే, మీ నాయన్ని రమ్మను అని చెప్పి పంపించినా. ఆమె లేకుంటే సోడా గూడా సప్పగా ఉండాదమ్మా!"

ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. చెవిపోటు కాబోలు, పాపం, వినపడదేమోనని గొంతు పెంచి మిగిలిందంతా చెప్పాను.

స్నానం ముగించి వచ్చిన రాఘవరావుగారు తాళం సాక్ష్యం నేర్పించి నన్ను కోర్టుకు తీసుకుపోయాడు. అక్కడ బోను పక్కన నిలబడి అటు చూశాను. మా మామ. ఆయన పక్కన ఆకుపచ్చ చీరలో రమణమ్మ, నా వైపు చూడకుండా. ఆమె పక్కన నల్ల కోటు వేసుకుని ఆ మజ్జిగ ఇల్లాలు. కడుపులో ఉన్న మజ్జిగ మళ్లీ పెరుగై పేరుకుంది.

"ఏందయ్యా ఆ చెమటలు?" అన్నాడు రాఘవరావుగారు.

"అయ్యా... ఆ అమ్మ మీ ఇంట్లో..."

"నా భార్య విశాలాక్షి. ఊరంతా ఎరుగుదురు. ఆమె దగ్గర ఏమన్నా వాగినావా?"

"కొంచెం చెప్పినానయ్యా."

"కొంచెమంటే ఎంత?"

"ఇంక మిగల్లేదయ్యా."

ఆయన చేతిలోని కాగితాలు కింద పడ్డాయి. ఏరుకునే లోపలే నన్ను బోనెక్కించారు. విశాలాక్షిగారు నింపాదిగా లేచింది.

"మీ మామగారి ఇంటి తలుపుకు గడియ ఉందా?"

రాఘవరావుగారు ఎగిరి లేచాడు. "అభ్యంతరం! మా క్లయింటును మా ఇంట్లో కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి లాగిన మాట ఇది!"

"మా ఇల్లు కూడానండీ అది," అంది ఆవిడ.

"ఇల్లెవరిదన్న దావా నా ముందు లేదు," అన్నాడు జడ్జిగారు.

"గడియ సంగతి నా క్లయింటు నాకు ముందే చెప్పింది. ఇతనితో నేను ప్లీడరునని చెప్పినాను, నోరు తెరవొద్దన్నాను, చివరికి చెవులు కూడా మూసుకున్నాను."

జడ్జిగారు నా వైపు తిరిగాడు. "నిజమేనా?"

"నిజమే దొరా. చెవిపోటనుకోని గట్టిగా చెప్పినాను."

జడ్జిగారు రుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం కదిలిపోతున్నాయి.

"సరే, గడియ వదిలేద్దాం," అంది విశాలాక్షిగారు. "వాయిదాలకు ఉదయగిరి నుంచి ఆత్మకూరు ఎన్నోసార్లు వచ్చినారు కదా?"

"వచ్చినానమ్మా."

"ఇక్కడి నుంచి కలువాయి ఎంత?"

"ఇంకో బస్సెక్కితే అంతే."

"ఎక్కినారా?"

"పిలవందే ఎట్లా ఎక్కుతానమ్మా?"

కోర్టు కోర్టంతా గొల్లుమంది. నా ప్లీడరు తల పట్టుకుని, ఆ మంటలో అనకూడని మాట అనేశాడు: "ఆడవాళ్లు కోర్టుకొస్తే కేసులన్నీ వంటింటి తగాదాలవుతాయి యువరానర్!"

నవ్వులు ఆగిపోయాయి. విశాలాక్షిగారు ఫైలు మూసింది, అంతే. పెళ్లయినవాళ్లెవరైనా చెప్పండి, ఆ చప్పుడు అర్థం కానిదెవరికి?

జడ్జిగారు రమణమ్మను అడిగాడు. "ఏమ్మా, నువ్వేమంటావు? పోతావా?"

రమణమ్మ అప్పుడు తలెత్తి నన్ను చూసింది. "కోర్టు చెప్తే నేను పోనయ్యా. బిళ్ళబంట్రోతు తోడుకోని పోయి దిగబెడితే దాన్ని కాపురం అనరు. ఆయనొచ్చి 'రా' అంటే, చెప్పులు గూడా ఎతుక్కోకుండా పోతా. ఆ ఒక్క మాటకి ఇన్నాళ్లబట్టి చూస్తాండా."

నా మర్యాద ఎక్కడ పోయిందో తెలియదు. బోనులోంచే అరిచాను. "రమణా, పోదాం రా!"

"ఈడ గాదు," అన్నాడు మామ. "మా ఇంటికొచ్చి పిలవాల."

దావా అక్కడికక్కడే వెనక్కి తీసుకుని ముగ్గురం కలువాయి బస్సెక్కాం. మామా నేనూ ఒకే సీటులో, మోకాలికి మోకాలు తగులుతూ కూర్చున్నాం. దారి పొడవునా ఆయన కిటికీలోంచి చూశాడు, నేను టికెట్టు చదువుకున్నాను. బస్సు దిగగానే ఆయన పంచె ఎగ్గట్టి పరుగున ఇంటికి పోయి, గడపలో నిలబడి, చెంబుతో నీళ్లు పట్టుకుని అన్నాడు గదా:

"రాండల్లుడూ, రాండి! ఎప్పుడు బయలుదేరినారు? దోవలో కష్టం కాలేదు గదా?"

"లేదు మామా. పక్కన మంచి మనిషే కూర్చున్నాడు," అన్నాను.

రెండు పూటలు తిని, "రా" అన్నాను. వచ్చింది. చెప్పులు నిజంగానే మరిచిపోయింది.

పది రోజులకు మా కొట్టు ముందు రాఘవరావుగారు ప్రత్యక్షమయ్యాడు. గడ్డం మాసి, కోటు నలిగి, మనిషి సగమైపోయాడు. సోడా కొట్టిచ్చాను. తాగకుండా బుడగలకేసి చూస్తూ కూర్చున్నాడు.

"మా ఆవిడ నెల్లూరులో పుట్టింటికి పోయిందయ్యా. ఆ రోజు కోర్టు నుంచే పోయింది."

"పోయి పిల్చుకోని రాండయ్యా."

"పిలవందే ఎట్లా పోయేది? నాకు మర్యాద లేదా?"

నాకు నా పాత జబ్బే ఎదురుగా వచ్చి కూర్చున్నట్టయింది. "పోనీ, దావా వేస్తారా?"

"ఆలోచించినానయ్యా," అన్నాడు దిగులుగా. "ఇట్లాంటి కేసు గెలవాలంటే ఈ జిల్లాలో ఒకే ఒక్క ప్లీడరు ఉండాది. ఆమె నెల్లూరులో పుట్టింట్లో కూర్చోనుండాది."

రమణమ్మ లోపలి నుంచి వచ్చి, ఆయన గొడుగు తీసి చేతికిచ్చి, నెల్లూరు బస్సు వచ్చే వైపు చూపించింది. ఆ బస్సులో ఆయన్ను ఎక్కించి వచ్చేదాకా మా ఇద్దరికీ కుదురు లేదు.

ఇక నా ప్రతిజ్ఞ. పైన ఉదయగిరి దుర్గం, కింద నా సోడా మిషను సాక్షిగా చెబుతున్నాను: ఈ జన్మలో పెళ్లాం కోసం కోర్టు మెట్టెక్కను. మామ పిలుస్తాడా, నేను పోవాలా అన్న ప్రశ్న ఇక మా ఇంట పుట్టదు. రమణమ్మ పుట్టింటికని మూట కట్టడం మొదలుపెడితే చాలు, ఆమె కంటే ముందే పోయి, బస్సులో ఇద్దరికీ సీటు పట్టుకుని కూర్చునేవాణ్ణి నేనే.