బల్ల మీది లక్కా

సోమన్నకు పొద్దున్నుంచి గొంతులో ముద్ద దిగలేదు. ఎట్లా దిగుతుంది మరి! కర్నూలులో ఫంక్షన్ హాలు నిండా పావురాల గూళ్ళు, వాటి వెనక వాటిని పెంచేవాళ్ళు, ముందర పొడుగాటి బల్ల. ఆ బల్ల దగ్గర ఇన్నేళ్ళూ నిలబడి పక్షులను ఎంచింది ఏసేపు ఉస్తాద్. ఆయన పోయినాక ఇదే మొదటి పోటీ, ఆయన పేరు మీదే పెట్టినారు. తీర్పు చెప్పమని శిష్యుడు సోమన్నను నిలబెట్టినారు. కల్లూరులో వెల్డింగు చేసుకునే మనిషి, వద్దు మొర్రో అంటే విన్నవాడు లేడు.

"ఉస్తాద్ వెనకాల సంచి మోసినోణ్ణి, నేనేం తీర్పు చెప్తానప్పా?" అన్నాడు.

"మోసినోనికే తెలుస్తాదిలే," అన్నాడు పోటీ పెట్టిన భూపేష్.

ఈ భూపేష్ సంగతే వినాలి. కోడుమూరు పక్క పెద్ద రైతు కొడుకు, ఇప్పుడు విత్తనాల వ్యాపారం. ఒకప్పుడు యాడనుంచో తెప్పించిన తెల్ల లక్కా పావురాన్ని పట్టుకుని దర్జాగా పోటీకి వచ్చినాడు. తోక విప్పితే విసనకర్రే! ఏసేపు ఏం చేసినాడనుకున్నారు? పగలంతా గోడలు కట్టే మేస్త్రీ, గోళ్ళలో సిమెంటు పోని మనిషి, ఆ తోక కింద బొటనవేలు పోనిచ్చి, మారుమాట లేకుండా గూడును బల్ల మీద నుంచి నేల మీదికి దించేసినాడు. ఆయన పద్ధతి అది. తెల్ల పక్షికి మచ్చ ఈక ఉంటే కొందరు పోటీకి ముందు పీకేస్తారు. అట్లా పీకిన పక్షి నేలకు దిగాల్సిందే, ఇక పోటీలో లేనట్టే. ఎందుకని ఉస్తాద్ చెప్పడు, ఎవరూ అడగరు. నలుగురిలో ఒకరి పరువు తీసే మాట తన నోట రాకూడదని ఆయన పట్టు. భూపేష్ కొన్నాళ్ళు మొహం చాటేసి, తర్వాత తానే వచ్చి శిష్యుడైనాడు.

గూళ్ళకు పేర్లు రాయరు. సోమన్న ఒక్కో పక్షినీ రొమ్ముకు ఆనించుకుని చూస్తాండాడు. ఒక గూటి తలుపు తీయంగానే గుర్తుపట్టినాడు. ఉస్తాద్ పెంచిన ఆఖరి తెల్ల లక్కా! దాన్ని ఆయన భార్య జీవమ్మ తప్ప ఇంకెవరు తెస్తారు? ఆ పెద్దమ్మ చేతి సంగటి ఎన్నిసార్లు తిన్నాడో. తలెత్తి చూస్తే, జనంలో ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళార్పకుండా ఇటే చూస్తోంది.

తోక విప్పినాడు. మచ్చ లేదు. లేకపోవడమేంది? ఈ పక్షికి ఎడమ పక్క ఒక బూడిద రంగు ఈక ఉండేది. "ఇది బల్ల కోసం కాదురా, నా కండ్ల కోసం," అని ఉస్తాద్ నవ్వేవాడు. సోమన్న బొటనవేలు తోక కిందికి పోయింది. మెత్తగా, వెచ్చగా తగిలింది, కాడలో ఇంకా నెత్తురున్న కొత్త ఈక. పాతది పోయిన చోట మొలుస్తాండాది.

తనంతట రాలిందేమోలే అని మనసుకు సర్ది చెప్పుకోబోయినాడు. కానీ రాలే ఈకలు రెండు పక్కలా జతగా రాలుతాయని, ఒక పక్కే పోయిందంటే మనిషి చెయ్యి పడినట్టేనని నేర్పింది ఉస్తాదే కదా! కుడి పక్క వెతికినాడు. దేవుడా, ఒక్క కొత్త ఈక తగలనీ. మళ్ళా వెతికినాడు. అన్నీ పాత ఈకలే. పోనీ, గూటి ఇనుప జాలికి తట్టుకుని ఊడిందేమో? పోటీ అయినాక చాటుగా వచ్చి అట్లా సాకు చెప్పినవాళ్ళను ఉస్తాద్, "ఆ జాలికి మచ్చ ఈకే దొరికిందేమప్పా!" అని ఎగతాళి చేసేవాడు.

"కప్పు ఉస్తాద్ పక్షికే వస్తే శానా బాగుంటాది," అని భూపేష్ చెవిలో గొణిగినాడు. "పెద్దమ్మ సంతోషపడుతాది."

సోమన్నకు ఒళ్ళు మండింది. నీ పక్షి దిగినప్పుడు నీకు సంతోషమైందా అని అడగాలనిపించింది. వదిలేస్తే ఉస్తాద్ ఇన్నేళ్ళూ దించిన ప్రతి గూడూ అన్యాయమైపోతుంది. దించితే జీవమ్మ మొహం మళ్ళీ ఎట్లా చూసేది? పక్షిని గూట్లో పెట్టినాడు. గూటిని రెండు చేతులతో ఎత్తి, మెల్లగా నేల మీద పెట్టినాడు.

జీవమ్మ జనాన్ని తోసుకుంటూ నేరుగా వచ్చింది.

"కండ్లు పోయినాయేరా నీకు? ఈ ఒక్కదాన్ని చూడకుంటే ఏం పోయింటాది?"

"పెద్దమ్మా..."

"నేనే పీకినా. ఆయన పేరు మీది పోటీలో ఆయన పక్షి గెలవాలని ఆశపడినా. తప్పా?"

సోమన్నకు కళ్ళలో నీళ్ళు ఆగలేదు. ఆమె అతని మొహం చూసింది, నేల మీది గూటిని చూసింది.

"ఆయనైనా ఇట్లే చేసుండును," అంది. "పెండ్లాం తెచ్చిందని కూడా చూసుండడు, మొండోడు."

ఉస్తాద్ సమాధి కాడ ఒక్క చుక్క కన్నీరు రాల్చని మనిషి, అంతమంది నడుమ గూటి పక్కన కూలబడి, వెక్కివెక్కి ఏడ్చింది.