లాయరుగారి కంప్యూటర్ ఆగిన రోజు

2023 జూన్. కోర్టులు వేసవి సెలవులు ముగించుకుని తెరిచిన వారం. చిత్తూరు రోడ్ల మీద మామిడికాయల లారీలు గుజ్జు ఫ్యాక్టరీల ముందు వరస కట్టి నిలబడ్డాయి. నేను చాలా ఏళ్ళుగా తిరుపతికీ చిత్తూరుకూ మధ్య తిరుగుతూ చిన్న చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పని చేస్తున్నాను. పెద్ద కంపెనీలు నన్ను పిలవవు. ఆడిటర్లు, లాయర్లు, స్కానింగ్ సెంటర్లు, ఇలా రెండు మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు ఉన్న చోటే నా బతుకు. వైర్లు లాగే పనిలో శవం ఉన్న ఇంటి వరండాలో కూర్చోవాల్సి వస్తుందని ఎవడనుకుంటాడు?

గజేంద్ర సార్ చిత్తూరులో పేరున్న లాయరు. ఇంటి ముందు భాగమే ఆఫీసు. లోపలి గదిలో ఆయన, బయటి గదిలో గుమాస్తా మునిరత్నం కూర్చుంటారు. మొగుడూ పెళ్ళాల తగాదాలే ఎక్కువగా చూసేవాడు. ఒకసారి ఆయన ఆఫీసు కాగితం ఎదుటి పార్టీ చేతికి చిక్కింది. అప్పటినుంచి నీడను కూడా నమ్మడు. చాన్నాళ్ళ కిందటే నన్ను పిలిచి ఫైళ్ళన్నీ తాళంలో ఉండాలన్నాడు, మళ్ళీ మునిరత్నానికి మాత్రం టైపు చేసుకోవడానికి అందాలన్నాడు.

ఆ తాళాన్నే మేము ఎన్‌క్రిప్షన్ అంటాం. ఫైలులో ఉన్నదంతా ఎవరికీ అర్థంకాని చెత్తగా మార్చి పెట్టడమే అది. పాస్‌వర్డు కొడితేనే మళ్ళీ రూపానికి వస్తుంది. లాయరుగారి కంప్యూటర్లో ఒక డ్రైవును అలా చేశాను. పొద్దున ఆయన పాస్‌వర్డు కొట్టగానే డ్రైవు తెరుచుకుంటుంది. స్విచ్ అనే చిన్న డబ్బా రెండు కంప్యూటర్లనూ వైర్లతో కలుపుతుంది కాబట్టి బయటి గదిలోనూ ఆ ఫైళ్ళు కనబడతాయి. ఆయన కంప్యూటర్ నడిచినంతసేపే ఈ భాగ్యం. అది ఆగిందంటే తాళం పడినట్టే.

పాస్‌వర్డు మరిచిపోతే వాడుకోవడానికి రికవరీ కీ అని ఒక పొడుగాటి అంకెను కంప్యూటరే ఇస్తుంది. దాన్ని ప్రింటు తీసి, బీరువాలో పెట్టుకోండి సార్ అని చేతికిచ్చాను. ఆయన నా ముందే నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు.

"కాయితం ఉంటే దొంగకు దారి సూపించినట్టే. నా తలకాయే నాకు లాకరప్పా" అన్నాడు.

కనీసం ఇంట్లో ఒకరికైనా చెప్పిపెట్టండి అన్నాను. నవ్వాడు. లాయరుతో వాదించి గెలిచినవాడెవడు? చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి వచ్చేశాను.

ఆ జూన్‌లో ఒక పొద్దున రేణిగుంటలో గోడౌనుకు వైర్లు లాగుతుంటే మునిరత్నం ఫోన్ చేశాడు. సారు పోయాడు. ఎప్పటిలాగే వచ్చి, కంప్యూటర్ తెరిచి, కాఫీ అడిగాడట. కాఫీ తెచ్చేసరికి తల టేబుల్ మీద వాలి ఉందట. నాకు ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు ఆ కంప్యూటర్ ఆగిపోలేదు కదా అనే ఆలోచనా వచ్చింది. ఏం బుద్ధో అది! అడిగాను కూడా.

"ఆన్‌లోనే ఉండాదప్పా. రెడ్డెమ్మ వీడియోలు దాంట్లోనే ఉండాయి. నువ్వు బిన్నా రా, ఆలస్యం చెయ్యబాక" అన్నాడు మునిరత్నం.

రెడ్డెమ్మ రేణిగుంటలో ఒక ఫ్యాక్టరీలో కూలికి పోయే మనిషి. తాగొచ్చి కొట్టే మొగుణ్ణి వదిలి బయటికి వచ్చింది కానీ, ఆరేళ్ళ కూతుర్ని వాడు పంపలేదు. బిడ్డ కోసం కేసు వేసింది. వాడు బిడ్డను బెల్టుతో కొడుతున్నప్పుడు, చంపుతానని బెదిరిస్తున్నప్పుడు ఆ ఇంట్లో ఉండగా దొంగచాటుగా ఫోన్లో తీసిన వీడియోలే ఆమెకున్న సాక్ష్యం. వాడు దారికాచి ఫోన్ లాక్కుని వెతికే రకం. అందుకని లాయరుగారు వాటిని తన డ్రైవులోకి తీసుకుని, ఫోన్లో చెరిపేయించాడు. కోర్టులో కూడా ఇంకా ఇవ్వలేదు. మొగుణ్ణి బోనెక్కించి, బిడ్డ మీద చెయ్యే వేయలేదని వాడి నోటితోనే అనిపించి, అప్పుడు బయటపెట్టాలని ఆయన ఎత్తు. వాయిదా మరుసటి వారమే.

మధ్యాహ్నానికి బండి మీద చిత్తూరు చేరాను. శవాన్ని పడుకోబెట్టడానికి చోటు కావాలని బయటి గదిలో మునిరత్నం కంప్యూటర్‌ను పీకి మూలకు నెట్టేశారు. లాయరుగారి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. సందులోంచి తెర వెలుగు కనబడింది. వాకిట్లో పాడె కడుతున్నారు. మెట్ల పక్కన రెడ్డెమ్మ మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె ఎవరి కోసం ఏడుస్తోందో అడగాల్సిన పని లేదు.

అప్పుడు చెప్పాడు మునిరత్నం అసలు సంగతి. పురోహితుడు నక్షత్రం చూసి ధనిష్ఠా పంచకమన్నాడట. ఆ నక్షత్రాల్లో ఎవరైనా పోతే అదే ఇంట్లో ఇంకో చావు చూడాల్సి వస్తుందని మా వైపు భయం. ప్రాణం పోయిన చోటును ఆరు నెలలు పాడుపెడతారు. దీపం వెలగకూడదు, మనిషి అడుగు పడకూడదు, వాకిలికి ముళ్ళకంప అడ్డం వేయాలి. శవం గడప దాటగానే ముందు భాగానికి కరెంటు ఆపేయమని లాయరుగారి అన్న కుప్పస్వామి చెప్పి పెట్టాడు. నవ్వే అర్హత నాకు లేదు. మా అవ్వ పోయినప్పుడు మేమూ ఇల్లు వదిలి ఇంకొకరి పంచన తలదాచుకున్నవాళ్ళమే.

ఆయన గదిలోకి అప్పటికే ఎవరినీ పోనివ్వడం లేదు. స్విచ్ డబ్బా మాత్రం వరండా గోడకు ఉంది. నా లాప్‌టాప్‌ను వైరుతో దానికి తగిలించి, మునిరత్నం తన కంప్యూటర్లో వాడే పాస్‌వర్డుతో ఫైళ్ళలోకి పోయాను. రెడ్డెమ్మ పేరుతో ఫోల్డరు కనబడింది. ప్రాణం లేచొచ్చింది. మొత్తం పట్టి కాపీకి పెట్టాను. ముందు ఒక ఫొటో వచ్చింది, బిడ్డ వీపు మీద బెల్టు వాతలు. తర్వాత పెద్ద పెద్ద వీడియోలు మొదలయ్యాయి. పాత స్విచ్, నత్తనడక. అరగంట పడుతుందని చూపించింది. ఇంతలో శవాన్ని ఎత్తారు. ఆడవాళ్ళ ఏడుపుతో ఇల్లు దద్దరిల్లింది.

నేను కుప్పస్వామి కాళ్ళకు అడ్డం పడ్డంత పని చేశాను. ఒక ఆడమనిషి బతుకు అందులో ఉందని, అరగంట చాలని చెప్పాను. ఆయన నన్ను కసరలేదు. అదే నాకు ఇంకా కష్టమనిపించింది.

"సచ్చినోడు ఎట్టా రాడు. ఉండేటోళ్ళను కాపాడుకోవల్ల గదా అప్పా" అన్నాడు.

అప్పటికే మా ముందు పాడె కదిలింది. తలకొరివి పెట్టబోయే ఒక్కగానొక్క కొడుకు తడిబట్టలతో నిప్పుకుండ పట్టుకుని నడుస్తున్నాడు. లాయరుగారి భార్య సులోచనమ్మ గోడ పట్టుకుని నిలబడి ఆ పిల్లవాణ్ణే చూస్తోంది. ఇక మిగిలింది ఆమె ఒక్కతే. పోయి చెప్పాను. రెడ్డెమ్మ ఎవరో ఆమెకు తెలుసు. వాయిదాలకు వచ్చినప్పుడల్లా వంటింట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టిన మనిషి. నేను చెప్పిందంతా విన్నది. మెట్ల దగ్గర రెడ్డెమ్మ లేచి నిలబడి, రెండు చేతులూ జోడించింది.

సులోచనమ్మ మీటరు దాకా తనే నడిచింది.

"ఆ యమ్మ బిడ్డ ఆ యమ్మకు ఎంతో, నా బిడ్డ నాకూ అంతే నాయనా" అని ముందు భాగం మెయిన్ దించేసింది.

స్విచ్ దీపాలు ఆరిపోయాయి. కాపీ ఆగిపోయింది. కానీ లోపల గదిలో యూపీఎస్ కూత మొదలుపెట్టింది. యూపీఎస్ అంటే కరెంటు పోయినప్పుడు కాసేపు కంప్యూటర్‌ను నిలబెట్టే బ్యాటరీ. అంటే డ్రైవు ఇంకా తెరిచే ఉంది! వెనక భాగం నుంచి వైరు లాగి స్విచ్‌కు కరెంటు ఇస్తే చాలు. ఎక్స్‌టెన్షన్ బోర్డు కోసం వంటింటి వైపు పరుగెత్తాను. బోర్డు దొరికింది, వైరు లాగుతూ వెనక్కి వస్తున్నాను. అప్పటికే గది వాకిట్లో ముళ్ళకంప వేస్తున్నారు. లోపలి కూత ఏమిటో తెలియక ఎవరో అపశకునమని గుండెలు బాదుకున్నారు. ఆ బ్యాటరీ ముసలిది. నేను వరండా చేరేలోపే కూత ఆగిపోయింది. బోర్డు చేతిలో పట్టుకుని అక్కడే కూలబడ్డాను. రెడ్డెమ్మ నా వైపు చూసింది. తల అడ్డంగా ఊపడం తప్ప నేనేం చేయగలను?

వాయిదా నాడు కొత్త లాయరు ఆ ఒక్క ఫొటో చూపించాడు. ఉయ్యాల మీంచి పడిందని మొగుడన్నాడు. ఫొటోలో వాతలు ఉన్నాయి కానీ, కొట్టిన చెయ్యి లేదు. బిడ్డ తండ్రి దగ్గరే ఉండాలని, నెలకొకసారి తల్లి చూసుకోవచ్చని తేలింది. మొదటిసారి చూసొచ్చిన రెడ్డెమ్మ, బిడ్డ ఇప్పుడు మాట్లాడటం లేదని, అడిగినదానికి తల ఊపుతుందని మునిరత్నంతో చెప్పిందట.

ఆరు నెలల గడువు తీరి శాంతి చేయించాక సులోచనమ్మే నన్ను పిలిపించింది. గది తెరిచి కంప్యూటర్ ఆన్ చేశాను. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఆయన ఏం పెట్టి ఉంటాడో ఒక్కొక్కటే చెప్పింది. కొడుకు పేరు, తన పేరు, అత్తగారి పేరు, ఇలవేల్పు పేరు, పెళ్ళి రోజు. నేను కొడుతూ పోయాను. ఒక్కటీ కాదు. సాయంత్రమైంది.

"మావి ఏవీ కాదా అప్పా" అని అడిగి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు ఆమె మీద పెంచుకున్న కోపమంతా అక్కడే కరిగిపోయింది. తన బిడ్డను కాపాడుకోవడం తప్పెలా అవుతుంది? ఆ అంకెను చించేసిన ఆ పెద్దమనిషి మీద మాత్రం నా కోపం ఇప్పటికీ తీరలేదు. బతికి ఉంటే కాలర్ పట్టుకునేవాణ్ణి.

ఇప్పుడు ఏ ఆఫీసుకు పోయినా తాళం వేసే ముందు ఒకటే అడుగుతాను, రేపు మీరు లేకపోతే తెరిచేదెవరు అని. రికవరీ కీ కవరులో పెట్టి, సీలు వేసి, ఇంకో మనిషి చేతిలో పెట్టేదాకా బిల్లు కూడా తీసుకోను. ఆ మాటకు అక్కడివాళ్ళు నన్ను శకునపక్షి అంటారు. ఒక ఆడిటరుగారి భార్యయితే వాకిట్లోంచే పొమ్మంది. తిట్టనీ. తాళం ఎంత గట్టిదన్నది కాదు, రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందన్నదే అసలు పని అని నాకు ఆ ఇంట్లో తెలిసొచ్చింది.

సులోచనమ్మ లాయరుగారి కంప్యూటర్లోని హార్డ్ డిస్కును గుడ్డలో చుట్టి ఇచ్చేయమంటే తీసుకుపోయి రెడ్డెమ్మ చేతిలో పెట్టాను. అవి చెరిగిపోలేదమ్మా, అన్నీ దీంట్లోనే ఉన్నాయి, తెరవడమే ఎవరివల్లా కాదు అని చెప్పాను. ఆమె దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఉండాదంటావు, నాకు మాత్రం దక్కదంటావు" అన్నది. "నా బిడ్డ కూడా అట్టే గదన్నా ఉండాది."